గాలి–ఇంధన నిష్పత్తి: మార్పులు చేసిన పెట్రోల్ ఇంజన్ ట్యూనింగ్‌లో కొలత, అన్వయం

వ్యాస సంగ్రహం:
పెట్రోల్ ఇంజన్‌కు టర్బోచార్జర్, పెద్ద ఇన్‌టేక్ గొట్టం, కొత్త ఇంజెక్టర్లు వంటివి అమర్చినప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే గాలికి, ఇంధనానికి మధ్య కర్మాగారం నిర్ణయించిన పొంతన చెడిపోతుంది. దానిని తిరిగి కుదర్చడమే ట్యూనింగ్‌లో ప్రధానమైన పని. ఈ పనికి ఆధారమైన గాలి–ఇంధన నిష్పత్తి మీటరుపై ఒక అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుంది, దేనిని కొలుస్తుంది, దేనిని కొలవలేదు అన్న విషయాలను ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వాడుకలోకి వచ్చిన నేపథ్యంలో పాత లెక్కలు ఏ మేరకు మారతాయో గణించి చూపుతుంది.

కీలక పదాలు: గాలి–ఇంధన నిష్పత్తి, లాంబ్డా, ఆక్సిజన్ సెన్సార్, ఇంజెక్టర్, ఇథనాల్ మిశ్రమం, నాకింగ్.

1. ఉపోద్ఘాతం

మా విభాగపు ప్రయోగశాలలో గాజు బీరువాలో ఒక పిస్టన్ ఉంది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారుకు బయట టర్బోచార్జర్ బిగించి, కొన్ని వారాలు నడిపిన తర్వాత విప్పిన ఇంజన్‌లోని మూడవ సిలిండర్‌ది. పై రింగుకు, రెండవ రింగుకు మధ్య ఉండే గట్టు విరిగిపోయింది. తల అంచు ఒకవైపు మైనంలా కరిగి జారింది. తక్కిన మూడు పిస్టన్లు చెక్కుచెదరలేదు. డాష్‌బోర్డు మీద అమర్చిన మీటరు చివరి రోజు వరకూ పూర్తి థ్రాటిల్ వద్ద 12.5 చూపిందని యజమాని చెప్పాడు. పాఠ్యపుస్తకం తెరిచి చూస్తే ఆ అంకె అత్యధిక శక్తినిచ్చే నిష్పత్తుల వరుసలోనే ఉంటుంది. విప్పిన తర్వాత సెన్సార్‌ను పరీక్షించగా అది సక్రమంగానే పనిచేస్తున్నట్టు తేలింది.

సెన్సార్ సరైనదే, అంకె సరైనదే, ఇంజన్ మాత్రం పాడయింది. ప్రతి సంవత్సరం ఇంజన్ల పాఠం మొదలుపెట్టేటప్పుడు విద్యార్థుల ముందు ఈ మూడు వాక్యాలను పెడుతుంటాను. వీటి మధ్య వైరుధ్యం లేదని గ్రహించడానికి గాలి–ఇంధన నిష్పత్తి అన్న భావనను మొదటినుంచి చూడవలసి ఉంటుంది.

2. 14.7 అన్న అంకె ఎలా వచ్చింది?

పెట్రోల్‌కు రసాయనికంగా సరిగ్గా సరిపోయే గాలి ఎంత అన్న ప్రశ్నకు మెకానిక్ షెడ్డులోనూ, తరగతి గదిలోనూ ఒకే జవాబు వినిపిస్తుంది: ఒక కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి. దీనినే స్టాయికియోమెట్రిక్ నిష్పత్తి అంటారు. ఇది ద్రవ్యరాశుల నిష్పత్తి, ఘనపరిమాణాలది కాదు. ఘనపరిమాణంలో చూస్తే ఒక లీటరు పెట్రోల్ మండటానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి.

ఈ అంకెను ఎవరికి వారే రాబట్టుకోవచ్చు. పెట్రోల్‌లోని ఐసో ఆక్టేన్ అణువులో 8 కార్బన్, 18 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడు, నీరుగా మారడానికి పన్నెండున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. అంటే 114 గ్రాముల ఐసో ఆక్టేన్‌కు 400 గ్రాముల ఆక్సిజన్. గాలి ద్రవ్యరాశిలో ఆక్సిజన్ వాటా సుమారు 23.2 శాతం కనుక, 400 గ్రాముల ఆక్సిజన్ ఉండే గాలి 1724 గ్రాములు. దానిని 114తో భాగిస్తే 15.1 వస్తుంది. అసలు పెట్రోల్ ఒకే పదార్థం కాదు, పలు హైడ్రోకార్బన్ల కలగలుపు. అందులో టొలుయీన్ వంటి హైడ్రోజన్ తక్కువ ఉన్న పదార్థాలు కూడా ఉంటాయి. అందువల్ల సగటు 14.7 దగ్గరకు దిగుతుంది.

ఇదే లెక్కను ఇథనాల్‌కు వేద్దాం. దాని అణువులో 2 కార్బన్, 6 హైడ్రోజన్ పరమాణువులతో పాటు 1 ఆక్సిజన్ పరమాణువు కూడా ఉంది. తనకు కావలసిన ఆక్సిజన్‌లో కొంత అది వెంట తెచ్చుకున్నట్టే. 46 గ్రాముల ఇథనాల్‌కు బయటినుంచి 96 గ్రాముల ఆక్సిజన్ చాలు. గాలిలోకి మార్చితే 414 గ్రాములు, నిష్పత్తి 9.0. ఒకే ఇంజన్, ఒకే గాలి. ఇంధనం మారగానే ‘సరైన’ నిష్పత్తి 14.7 నుంచి 9కి పడిపోయింది. ప్రకృతి వాయువులోని మీథేన్‌కైతే అది 17.2. కనుక 14.7 అన్నది ఇంజన్ ధర్మం కాదు, ఇంధన ధర్మం. ట్యూనింగ్‌లో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఈ తేడాను మరవడమే.

3. లాంబ్డా, రిచ్, లీన్

వాస్తవంగా సిలిండర్‌లోకి వెళ్లిన నిష్పత్తిని ఆ ఇంధనపు స్టాయికియోమెట్రిక్ నిష్పత్తితో భాగిస్తే వచ్చేది లాంబ్డా. విలువ 1 అయితే గాలీ ఇంధనమూ సరిసమానం. 1 కంటే తక్కువైతే ఇంధనం ఎక్కువ, 1 కంటే ఎక్కువైతే గాలి ఎక్కువ. పెట్రోల్ అయినా, ఇథనాల్ అయినా, రెండింటి మిశ్రమమైనా లాంబ్డా 0.85 అంటే అర్థం ఒక్కటే: ఉండవలసిన గాలిలో 85 శాతమే ఉంది.

ఇంధనం ఎక్కువైన మిశ్రమాన్ని రిచ్ అనీ, తక్కువైన దానిని లీన్ అనీ మెకానిక్కులు అంటారు. వీటిని ‘సంపన్న’, ‘బలహీన’ అని తెనిగించిన పుస్తకాలున్నాయి. ఆ అనువాదాల్లో ఒక చిక్కు ఉంది. సంపన్నం అనగానే అది మేలైనదనీ, బలహీనం అనగానే అది లోపమనీ చదువరికి అనిపిస్తుంది. నిజానికి మైలేజీకి అనువైనది కొంచెం లీన్ మిశ్రమమే. అందుచేత ఈ వ్యాసంలో షెడ్డు మాటలనే ఉంచుతున్నాను.

లాంబ్డా 1 వద్ద ఇంధనమంతా మండిపోవాలి గదా, మరి శక్తి అక్కడే గరిష్ఠం ఎందుకు కాదు? సిలిండర్‌లోకి పట్టే గాలికి ఒక హద్దు ఉంది. ఇంధనాన్ని ఎంతైనా పోయవచ్చు, గాలిని పోయలేము. కనుక శక్తి కావాలంటే లోపలికి వచ్చిన ప్రతి ఆక్సిజన్ అణువుకూ ఒక జత దొరకాలి. గాలి, ఇంధనం ఎన్నడూ పరిపూర్ణంగా కలవవు. పైగా దహనపు అధిక ఉష్ణోగ్రత వద్ద కార్బన్ డయాక్సైడు కొంత విడిపోయి కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజన్‌గా మారుతుంది. ఇంధనం కొంచెం మిగులు ఉంటేనే ఆక్సిజన్ మిగలకుండా ఖర్చవుతుంది. జ్వాల వేగం కూడా లాంబ్డా 0.9 ప్రాంతంలోనే ఎక్కువ. ఈ కారణాల వల్ల టర్బో లేని పెట్రోల్ ఇంజన్ గరిష్ఠ శక్తిని లాంబ్డా 0.85–0.90 మధ్య ఇస్తుంది. ఇంధన పొదుపు 1.05 దగ్గర ఉత్తమం. టర్బో ఇంజన్లను పూర్తి థ్రాటిల్ వద్ద 0.75–0.82 వరకు తెస్తారు. ఇందులో అదనపు ఇంధనం పని శక్తి కోసం కాదు, చల్లదనం కోసం. ద్రవ పెట్రోల్ ఆవిరి కావడానికి కిలోకు సుమారు 350 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. ఆ వేడి సిలిండర్‌లోని గాలినుంచే పోతుంది.

ఇక్కడినుంచే ‘రిచ్ అంటే క్షేమం’ అనే నానుడి పుట్టింది. అది సగం నిజం. లాంబ్డా 0.75 కంటే కిందికి దిగితే జ్వాల మందగిస్తుంది, మిస్‌ఫైర్‌లు మొదలవుతాయి, స్పార్క్ ప్లగ్ మసి పడుతుంది. మండని పెట్రోల్ సిలిండర్ గోడపై ఉన్న నూనె పొరను కడిగివేసి, కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. లీన్ మిశ్రమం పూర్తి భారంలో నిమిషాల్లో చేసే హానిని అతి రిచ్ మిశ్రమం నెలల్లో చేస్తుంది.

4. సెన్సార్ చూసేది ఏమిటి?

సైలెన్సర్ గొట్టంలో అమర్చే ఆక్సిజన్ సెన్సార్‌ను బాష్ సంస్థ అభివృద్ధి చేసింది. వోల్వో సంస్థ 1976లో అమెరికా విపణికి పంపిన 240 తరగతి కార్లలో దానిని మొదట అమర్చింది. ఉద్దేశం శక్తి పెంచడం కాదు, కాలుష్య నియంత్రణ. కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బన్లను, నైట్రోజన్ ఆక్సైడులను ఒకేసారి శుద్ధి చేసే ఉత్ప్రేరకం లాంబ్డా 1కి అటూఇటూ చాలా ఇరుకైన హద్దుల్లోనే సమర్థంగా పనిచేస్తుంది. ఇంజన్‌ను ఆ హద్దుల్లో నిలపడానికి సెన్సార్ అవసరమైంది.

దాని నిర్మాణం సులభం. జిర్కోనియా పింగాణీ పలకకు రెండు వైపులా ప్లాటినం పూత ఉంటుంది. ఒక ముఖం పొగవైపు, మరొకటి బయటి గాలివైపు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ పింగాణీ గుండా ఆక్సిజన్ అయాన్లు కదలగలవు. రెండు ముఖాల వద్ద ఆక్సిజన్ పాక్షిక పీడనాల్లో తేడా ఉంటే, ఆ నిష్పత్తి సంవర్గమానానికి అనులోమంగా వోల్టేజీ పుడుతుంది. ఇది నెర్న్‌స్ట్ సమీకరణం. 1000 కెల్విన్ వద్ద లెక్క వేస్తే, పొగలో ఆక్సిజన్ పదో వంతుకు తగ్గిన ప్రతిసారీ సుమారు 0.05 వోల్టు పెరుగుతుంది. లీన్ పొగలో 2 శాతం ఆక్సిజన్ ఉంటే, బయటి గాలిలోని 21 శాతంతో పోల్చితే తేడా పది రెట్లే, అంటే 0.05 వోల్టే. రిచ్ పొగలో ప్లాటినం ఉపరితలం వద్ద మిగిలే సమతాస్థితి ఆక్సిజన్ అత్యల్పం. అది అనేక కోట్ల కోట్ల రెట్లు తక్కువ. అందుకే వోల్టేజీ ఒక్కసారిగా 0.8–0.9కి ఎగబాకుతుంది. లాంబ్డా 1 వద్ద మెట్టులా కనిపించే ఆ దూకుడు గణితంలోనే ఉంది.

ఈ మెట్టు కాలుష్య నియంత్రణకు వరం, ట్యూనింగ్‌కు అడ్డంకి. మనకు కావలసిన 0.78కి, 0.88కి మధ్య వోల్టేజీ తేడా స్వల్పం. పైగా సెన్సార్ వేడిని బట్టి అది మారిపోతుంది. కర్మాగారం అమర్చిన సన్న పరిధి సెన్సార్ ‘రిచ్’ అని చెప్పగలదు కాని, ‘ఎంత రిచ్’ అని చెప్పలేదు. దానికి చవక మీటరు తగిలించి పూర్తి థ్రాటిల్‌లో ట్యూన్ చేయడం తూనికరాళ్లు లేని త్రాసుతో బంగారం తూచడమే.

1990లలో వాడుకలోకి వచ్చిన విశాల పరిధి సెన్సార్ ఈ కొరత తీర్చింది. అందులో నెర్న్‌స్ట్ ఘటానికి తోడు ఒక పంపు ఘటం ఉంటుంది. రెండింటి మధ్య సూక్ష్మమైన గది. ఆ గదిలోని పొగను ఎల్లప్పుడూ లాంబ్డా 1 స్థితిలో నిలిపేలా ఎలక్ట్రానిక్ వలయం ఆక్సిజన్‌ను లోపలికో, బయటికో తోడుతుంది. ఎంత విద్యుత్ ప్రవాహంతో, ఏ దిశలో తోడవలసి వచ్చిందో అదే కొలత. గమనించవలసినదేమంటే ఈ సెన్సార్‌కు ఇంధనం పేరు తెలియదు. అది కొలిచేది ఆక్సిజన్ లోటునో, మిగులునో. అంటే లాంబ్డానే. మీటరు దానిని 14.7తో గుణించి చూపుతుంది. మీటరులో 12.5 కనిపించిందంటే లాంబ్డా 0.85 అని అర్థం. ట్యాంకులో ఇథనాల్ కలిసిన ఇంధనం ఉన్నప్పుడు ‘12.5’ అన్నది వాస్తవమైన ద్రవ్యరాశి నిష్పత్తి కానే కాదు, ఒక వాడుక పేరు మాత్రమే.

ఆక్సిజన్‌ను మాత్రమే చూడటం వల్ల వచ్చే భ్రమలు మరి రెండు ఉన్నాయి. ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ జరిగితే ఇంధనంతోపాటు ఆక్సిజన్ కూడా మండకుండా బయటికి వస్తుంది. సెన్సార్ దానిని ‘లీన్’ అని చదువుతుంది. అది నమ్మి ఇంధనం పెంచితే ప్లగ్ మరింత తడుస్తుంది, మిస్‌ఫైర్ పెరుగుతుంది, మీటరు మరింత లీన్ చూపుతుంది. ఈ వలయంలో చిక్కుకున్న ట్యూనర్లను చూశాను. రెండవది, సెన్సార్‌కు ముందు గొట్టంలో సన్నని పగులు ఉంటే, తక్కువ వేగంలో పొగ తరంగాల మధ్య ఏర్పడే ఊనపీడనం బయటి గాలిని లోపలికి పీల్చుతుంది. అప్పుడూ లీన్ అనే చూపుతుంది.

మన పిస్టన్ కథ మూడవ రకం. సెన్సార్ నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట ఉంటుంది. అది చెప్పేది సగటు. ఆ ఇంజన్‌కు అమర్చిన పెద్ద ఇంజెక్టర్లు వాడినవి, వేర్వేరు చోట్ల కొన్నవి. విప్పి కొలిపించగా మూడవ దాని ప్రవాహం తక్కిన వాటికన్నా సుమారు ఎనిమిదో వంతు తక్కువని తేలింది. మూడు సిలిండర్లు 0.82 వద్ద, ఒకటి 0.94 వద్ద నడిస్తే సగటు 0.85. మీటరు భాషలో మూడు సిలిండర్లలో 12.05, మూడవదానిలో 13.8, కనిపించేది 12.5. టర్బో పీడనంలో 0.94 వద్ద నడిచిన సిలిండర్‌లో నాకింగ్ పుట్టింది. నాకింగ్ అంటే స్పార్క్‌తో మొదలైన జ్వాల చేరకముందే మిగిలిన మిశ్రమం తనంత తానే ఒక్కపెట్టున అంటుకోవడం. ఆ పీడన తరంగాలు పిస్టన్ తలపై ఉండే పలుచని, తక్కువ వేడి వాయుపొరను చెదరగొడతాయి. సాధారణ దహనంలో ఆ పొరే కవచం. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, జ్వాల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలకు పైమాటే. కవచం పోయిన చోట ఏమవుతుందో బీరువాలో కనిపిస్తూనే ఉంది.

5. గాలిని లెక్కపెట్టడంలో తప్పు

ఇంధనాన్ని నిర్ణయించాలంటే ముందు గాలి ఎంత వచ్చిందో తెలియాలి. మార్పులు చేసిన ఇంజన్లలో తొలి పొరపాటు తరచుగా ఇక్కడే జరుగుతుంది.

కార్బ్యురేటర్‌కు లెక్క లేదు, భౌతిక ధర్మమే దాని లెక్క. గాలి ఇరుకు గొంతు గుండా పోతూ సృష్టించే పీడన తగ్గుదల పెట్రోల్‌ను లాగుతుంది. గాలి సాంద్రత తగ్గితే గాలి ద్రవ్యరాశి అదే మేరకు తగ్గుతుంది కాని, ఇంధనం సాంద్రత వర్గమూలం మేరకే తగ్గుతుంది. విశాఖ తీరంలో సరిచేసిన కార్బ్యురేటర్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో రెండున్నర శాతం మేర రిచ్ అవడానికి కారణం ఇదే. పాత అంబాసిడర్లకు, ఫియట్లకు స్క్రూ తిప్పి, ప్లగ్ కొన మీద లేత గోధుమ రంగు వచ్చిందో లేదో చూసి సరిచేసిన మేస్త్రీలు ఈ వర్గమూలాన్ని పుస్తకంలో చదవకపోయినా చేతితో ఎరుగుదురు.

ఇంజెక్షన్ ఇంజన్లలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఇన్‌టేక్ పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజన్ వేగం తీసుకొని, ముందుగా నింపిన పట్టికనుంచి గాలిని అంచనా కట్టడం. క్యామ్ షాఫ్ట్ మార్చినా, ఎగ్జాస్ట్ గొట్టాలు మార్చినా ఆ పట్టిక పాతబడుతుంది. మళ్లీ నింపాలి. రెండవ పద్ధతిలో ఎయిర్ ఫిల్టర్ తర్వాత గొట్టంలో వేడి తీగ లేదా వేడి పొర సెన్సార్ ఉంటుంది. దాని దగ్గర కొంత ఆగడం అవసరం.

ఈ సెన్సార్ గొట్టంలోని మొత్తం గాలిని కొలవదు. తన మీదుగా పోయే గాలి ఎంత వేగంగా తనను చల్లబరుస్తుందో చూసి, గొట్టపు వైశాల్యం ఫలానా అన్న నమ్మకంతో మొత్తాన్ని ఊహిస్తుంది. ఇప్పుడు 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం తీసి, అదే సెన్సార్‌ను 66 మిల్లీమీటర్ల గొట్టంలో పెట్టామనుకుందాం. వ్యాసం 10 శాతమే పెరిగినా వైశాల్యం 21 శాతం పెరిగింది. అంతే గాలి ఇప్పుడు నెమ్మదిగా పోతుంది. సెన్సార్ అసలు గాలిలో 83 శాతం మాత్రమే వచ్చిందని నివేదిస్తుంది. ఈసీయూ ఆ మేరకే ఇంధనం పోస్తుంది.

ఊళ్లో మామూలు వేగంతో నడిపినప్పుడు ఏ తేడా తెలియదు. అప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్‌ను చూస్తూ తప్పును తానే దిద్దుకుంటుంది. ఇంధన సవరణ మెల్లగా ప్లస్ 21 శాతం వరకు ఎక్కుతుంది. స్కానర్ పెట్టి చూస్తే తప్ప కనిపించదు. కాని పూర్తి థ్రాటిల్ నొక్కగానే ఈసీయూ సెన్సార్‌ను పక్కనపెట్టి పట్టిక ప్రకారం పోతుంది. ఆ స్థితిలోనూ నేర్చుకున్న సవరణను కలిపే ఈసీయూలు ఉన్నాయి, కలపనివీ ఉన్నాయి. కలపని చోట 0.85 కావాలని రాసిన పట్టిక నుంచి వచ్చేది 0.85ను 1.21తో గుణించిన విలువ, అంటే 1.03. అత్యధిక భారం మోస్తున్న క్షణంలో ఇంజన్ లీన్‌గా నడుస్తుంది. కారు మునుపటికన్నా చురుకుగా ఉందని కూడా ఈ దశలో కొందరు చెబుతారు. కర్మాగారపు పట్టిక జాగ్రత్త కోసం అతి రిచ్‌గా ఉన్న సందర్భాల్లో కొంచెం లీన్ కావడం వల్ల శక్తి నిజంగానే పెరుగుతుంది. అందుకే ఆ భ్రమను తొలగించడం కష్టం.

గాలి లెక్క సరిపోయినా ఇంధనం అందకపోవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ 6000 ఆర్‌పీఎం వద్ద ఒక చక్రాన్ని 20 మిల్లీసెకన్లలో ముగిస్తుంది. కర్మాగారపు ఇంజెక్టర్ పూర్తి థ్రాటిల్‌లో 14 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుందనుకుందాం. అర బార్ టర్బో పీడనంతో గాలి 40 శాతం పెరిగితే 19.6 మిల్లీసెకన్లు కావాలి. ఇంతటితో కథ ముగియదు. తిరుగు గొట్టం లేని చాలా కార్లలో ఇంధన పీడనం బయటి వాతావరణంతో పోల్చి స్థిరంగా ఉంటుంది. అది 4 బార్ అనుకుంటే, ఇంజెక్టర్ ముక్కు దగ్గర అర బార్ టర్బో పీడనం ఎదురు నిలిచాక మిగిలేది మూడున్నర. ప్రవాహం పీడనం వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక ఆరున్నర శాతం తగ్గుతుంది. 19.6 కాస్తా 21 అవుతుంది. చక్రంలో ఉన్నదే 20. ఇంజెక్టర్ ఇక మూతపడదు, ఈసీయూ ఎంత అడిగినా అంతకుమించి రాదు. వేగం పెరిగే కొద్దీ మిశ్రమం దానంతటదే లీన్ అవుతుంది. సాధారణంగా 80–85 శాతం దాటనివ్వరాదనే నియమం ఈ కారణంగానే ఏర్పడింది.

6. ఇ20 ఇంధనంతో మారిన లెక్క

భారతదేశంలో పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ లక్ష్యం 2022లో నెరవేరింది. 20 శాతం కలిపిన ఇ20ని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు. 2030 నాటికని మొదట పెట్టుకున్న గడువును 2025కు ముందుకు జరిపారు. దీనిపై సాగుతున్న మైలేజీ వాదవివాదాలు ఎలా ఉన్నా, ట్యూనింగ్ దృష్టిలో లెక్క స్పష్టమే.

ఇథనాల్ సాంద్రత లీటరుకు 0.789 కిలో, పెట్రోల్‌ది సుమారు 0.745. ఘనపరిమాణంలో 20 శాతమైతే ద్రవ్యరాశిలో ఇథనాల్ సుమారు 21 శాతం. 9.0ను 0.21తో, 14.7ను 0.79తో గుణించి కలిపితే 13.5 వస్తుంది. అదే గాలికి ఇ20 ద్రవ్యరాశిలో దాదాపు 9 శాతం ఎక్కువ కావాలి. ఇంజెక్టర్ కొలిచేది ద్రవ్యరాశిని కాదు, ప్రవాహాన్ని. సాంద్రత కొంచెం పెరిగినందున తెరిచి ఉంచవలసిన సమయం సుమారు ఏడున్నర శాతం పెరుగుతుంది. స్వచ్ఛమైన పెట్రోల్‌పై పూర్తి థ్రాటిల్‌లో 0.85కు సరిచేసిన పట్టికతో ఇ20 పోసి నడిపితే లాంబ్డా 0.91 అవుతుంది. ఇంతకుముందు 85 శాతం దగ్గర ఆపిన ఇంజెక్టర్ 91 శాతానికి చేరుతుంది.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య ఎక్కువ. ఆవిరి కావడానికి పెట్రోల్ కన్నా రెండున్నర రెట్ల వేడిని తీసుకుంటుంది. కనుక నాకింగ్‌ను అది స్వభావసిద్ధంగా నిరోధిస్తుంది. కిలో గాలికి విడుదలయ్యే శక్తి పరంగా రెండు ఇంధనాలూ దాదాపు సమానం. పెట్రోల్‌కు 43ను 14.7తో, ఇథనాల్‌కు 26.8ను 9తో భాగించి చూస్తే రెండింటా 3 మెగాజౌళ్లకు కొంచెం తక్కువే వస్తుంది. ఒకే లాంబ్డా వద్ద శక్తి తగ్గదు. లీటరుకు శక్తి మాత్రం సుమారు 7 శాతం తగ్గుతుంది. సరిగా తిరిగి ట్యూన్ చేసిన టర్బో ఇంజన్‌కు ఇ20 మేలే చేయగలదు. పాత పట్టికతో వదిలేస్తే ఆ మేలును లీన్ మిశ్రమం మింగివేస్తుంది.

ఈ సందర్భంలో షెడ్డులలో ఎదురయ్యే పొరపాటు ఒకటి ఉంది. ‘ఇ20కి సరైన నిష్పత్తి 13.5’ అని చదివిన ట్యూనర్, పూర్తి థ్రాటిల్ లక్ష్యాన్ని కూడా అదే దామాషాలో తగ్గించి, మీటరులో 12.5కు బదులు 11.5 కోసం ప్రయత్నిస్తాడు. మీటరు ఇప్పటికీ లాంబ్డాను 14.7తోనే గుణిస్తోంది. మీటరు 11.5 అంటే లాంబ్డా 0.78. అతడు కోరుకున్నది 0.85. లక్ష్యాలను లాంబ్డాలోనే రాసుకునే అలవాటు ఉంటే ఈ చిక్కు అసలు తలెత్తదు. మా విద్యార్థులకు మీటరు అమరికను మొదటి రోజే లాంబ్డాకు మార్పిస్తాను. వారం రోజులు ఇబ్బంది పడతారు, తర్వాత వెనక్కు పోరు.

7. పరీక్షా క్రమం

ట్యూనింగ్‌కు ముందు యాంత్రిక లోపాలు తొలగాలి. నాలుగు ఇంజెక్టర్లను ఒకేసారి కొలిపించి, వాటి ప్రవాహాల మధ్య తేడా రెండు మూడు శాతం లోపే ఉన్నదని నిర్ధారించుకోవాలి. ఎగ్జాస్ట్ గొట్టంలో పగుళ్లు ఉండరాదు. స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి కావాలి. ఇవి కుదిరాక మొదట నిలకడ వేగాల్లో, తక్కువ భారంలో ఇంధన సవరణ సున్నాకు దగ్గరయ్యే వరకు గాలి పట్టికను దిద్దాలి. పూర్తి థ్రాటిల్‌ను ఆ తర్వాతే ముట్టుకోవాలి. ఆ దశను లాంబ్డా 0.78 వంటి రిచ్ స్థానం నుంచి, వెనక్కు జరిపిన స్పార్క్‌తో ప్రారంభించాలి. లీన్ వైపు నుంచి వెతుక్కుంటూ రావడం ప్రమాదం. ఇంధనం, స్పార్క్ రెండింటినీ ఒకే పరుగులో మార్చితే ఏది ఏ ఫలితం ఇచ్చిందో తేలదు. నాకింగ్ వినిపిస్తే ఇంధనం పోసి అణచే ముందు స్పార్క్‌ను వెనక్కు తీయాలి. దాని మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

నమోదైన పట్టీని చదివేటప్పుడు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సిలిండర్‌లో జరిగిన దహనం సెన్సార్‌కు చేరి, అది స్పందించి, అంకె నమోదు కావడానికి సుమారు 0.2 సెకను పడుతుందనుకుందాం. మూడవ గేరులో 3000 నుంచి 6000 ఆర్‌పీఎం వరకు 4 సెకన్లలో వెళ్లే కారు ఆ వ్యవధిలో 150 ఆర్‌పీఎం దాటుతుంది. 5000 దగ్గర కనిపించిన లీన్ గుర్తు నిజానికి 4850 దగ్గరిది. పట్టికలో తప్పు గడిని దిద్దితే ఒకటికి రెండు గళ్లు చెడతాయి.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. ఆ సెక్షన్ అన్వయాన్ని 2019లో సుప్రీంకోర్టు దృఢపరిచింది. పూర్తి థ్రాటిల్ వద్ద లాంబ్డా 0.85 అంటే పొగలో కార్బన్ మోనాక్సైడు సుమారు 5 శాతం. పోటీ మైదానంలోని క్షణాలకు పరిమితం కావలసిన స్థితి అది. బీఎస్–4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు కాలుష్య ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు 2500 ఆర్‌పీఎం వద్ద లాంబ్డా 0.97–1.03 మధ్య ఉండాలన్న నియమం ఉంది. పట్టికలోని ఆ ప్రాంతాన్ని లాంబ్డా 1 వద్ద, సెన్సార్ పర్యవేక్షణలోనే వదిలేయాలి.

ఒక్కో సిలిండర్ స్థితి తెలుసుకోవాలంటే ప్రతి ఎగ్జాస్ట్ ద్వారం దగ్గర ఒక థర్మోకపుల్ అమర్చడం చవకైన మార్గం. వాయు ఉష్ణోగ్రత లాంబ్డా 1 ప్రాంతంలో గరిష్ఠమై, రిచ్ వైపు పోయేకొద్దీ తగ్గుతుంది కనుక, నలుగురిలో ఎక్కువ వేడిగా ఉన్నది అనుమానితం. స్పార్క్ ఆలస్యమైనా ఈ ఉష్ణోగ్రత పెరుగుతుంది. అందువల్ల విడి అంకెను కాక, సిలిండర్ల మధ్య తేడాను చూడాలి. పైన చెప్పిన ఇంజన్‌ను కొత్త పిస్టన్‌తో, ప్రవాహం జతకూడిన నాలుగు ఇంజెక్టర్లతో తిరిగి కట్టినప్పుడు మా విద్యార్థులు అమర్చినవి ఈ నాలుగు థర్మోకపుల్‌లే. మీటరు ఇప్పుడు పూర్తి థ్రాటిల్ వద్ద లాంబ్డా 0.80 చూపుతుంది. దాని పక్కన నాలుగు ఉష్ణోగ్రతలు కనిపిస్తాయి. యజమాని ముందుగా చూసేది మూడవదానినే.